కొండను వదిలి దిబ్బను కాస్తే

బేగం బజారుకు సముద్రం ఉప్పు బస్తాల్లో వస్తుంది, చేపల గంపల్లో వస్తుంది. అంతకు మించి ఆ ఇరుకు గల్లీలకు సముద్రంతో పని లేదనే అనిపిస్తుంది. కిరాణా హోల్‌సేల్ దుకాణాలు, డ్రైఫ్రూట్స్ గోదాములు, స్టీలు ఇత్తడి సామాన్ల అంగళ్ళు భుజాలు ఒరుసుకుంటూ నిలబడ్డ ఆ బజారు నుంచి ఎంత దగ్గరి తీరానికి వెళ్ళాలన్నా రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు పైమాటే. కానీ ఆ బజారుకు కూతవేటు దూరంలోనే నాంపల్లి స్టేషన్ ఉంది. అక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం. ఆ ఒక్క రాత్రిలో రైలు దాటేది సుమారు 700 కిలోమీటర్లు. కిటికీ బయటి రాళ్ళను లెక్కేస్తే మాత్రం 150 కోట్ల ఏళ్ళు. పైగా ఆ ప్రయాణం మనం ఊహించే దిశలో సాగదు. అలలు కొట్టి కొట్టి నల్లబడి, గుంతలు పడి, చీలిపోయి కనిపించే తీరపు బండలు ముసలివనీ, హైదరాబాద్‌లో గుండ్రంగా నున్నగా ఒకదాని మీద ఒకటి కూర్చున్న గుండ్లు వాటికంటే చిన్నవనీ కంటికి తోస్తుంది. నిజం తలకిందులు. బేగం బజారు పునాదుల కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. విశాఖ తీరపు రాయి ఇప్పుడున్న రూపానికి వచ్చి దాదాపు 100 కోట్ల ఏళ్ళయింది. రాళ్ళ విషయంలో వాలకం చూసి వయసు చెప్పకూడదు.

రైలు దారినే ఇంకాస్త గమనిస్తే ఆ తేడా ఎలా వచ్చిందో తెలుస్తుంది. కాజీపేట, వరంగల్ దాకా హైదరాబాద్ గ్రానైట్ బంధువులే కనిపిస్తారు. ఖమ్మం దగ్గర పడేసరికి పాత దక్కను నేలకు అంచు వస్తుంది. అక్కడి నుంచి తూర్పు కనుమల రాళ్ళది వేరే కుటుంబం. కొండపల్లి, బెజవాడ ప్రాంతపు కొండలు సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందటి ఉడుకులో తయారయ్యాయి. రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాతి క్వారీలది మరీ విచిత్రమైన కథ: 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి దిక్కున ఎక్కడో ఉబికిన లావా దక్కను మీదుగా వందల కిలోమీటర్లు పారి అక్కడ గడ్డకట్టింది. తుని దాటాక ఎడమవైపు కొండలు రైలును వదలవు. అనకాపల్లి దాటి విశాఖ చేరేసరికి ఆ కొండలే తిన్నగా సముద్రంలోకి దిగిపోతాయి. చూసేవాళ్ళు అక్కడ ఆగి ఫొటో తీసుకుంటారు, సముద్రం ఎంత గొప్ప శిల్పి అనుకుంటారు. ఈ వ్యాసం అభ్యంతరం ఆ మాట మీదే. విశాఖ తీరాన్ని సముద్రం తయారు చేయలేదు. తయారై ఉన్నదాన్ని సముద్రం తర్వాత వచ్చి ఆక్రమించింది. ఇది మాటల పట్టింపు కాదు. తీరం ఎవరి సొత్తు, దేన్ని కాపాడితే తీరం మిగులుతుంది అన్న ప్రశ్నకు జవాబు దీన్ని బట్టే మారిపోతుంది.

ముందు రాయి సంగతి. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. తెలుగువాళ్ళ చెవికి ఆ పేరులో ‘కొండ’ వినిపిస్తుంది గానీ, 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఆ పేరు పెట్టింది ఒడిశా, ఆంధ్ర కొండల్లో నివసించే ఖోండు జనం మీద. దాని పక్కనే నల్లగా, జిడ్డు మెరుపుతో, సమ్మెటకు లొంగకుండా ఉండేది చార్నొకైట్. కలకత్తా నగరానికి ఆద్యుడిగా చెప్పే జాబ్ చార్నాక్ సమాధి మీది రాయి ఇదే కావడంతో ఆ పేరొచ్చింది. ఆ సమాధి రాయేమో మద్రాసు దగ్గరి పరంగిమల నుంచి వెళ్ళిందంటారు. ఈ రెంటిలో ఖోండలైట్ కథే మన వాదానికి కీలకం. అది పుట్టుకతో రాయి కాదు, బురద. ఏనాటిదో ఒక సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. ఖండాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు ఆ బురద పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు కూరుకుపోయింది. అక్కడి వేడి కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటింది. కుమ్మరి ఆవంలో కుండ కాలినట్టు కాదు. బంకమట్టిలోని అణువులు పాత పొత్తులు విడిచి కొత్త ఖనిజాలుగా కూడుకున్నాయి. రాతిలో ఎర్రటి చుక్కలుగా కనిపించేది గార్నెట్, మన గోమేధికానికి దగ్గరి చుట్టం. వెండి జరీపోగుల్లా సాగి ఉండేది సిల్లిమనైట్. చేతికి నల్లగా అంటుకునే రేకులు గ్రాఫైట్, అంటే పెన్సిల్ ముల్లు. ఆ గ్రాఫైట్‌లోని కార్బన్ చాలావరకు నాటి సముద్రపు సూక్ష్మజీవులదేనని భావిస్తారు. ఈరోజు బంగాళాఖాతం కొడుతున్నది మరో సముద్రపు ఒండ్రునే.

ఇక్కడ చదువరికి న్యాయంగా ఒక అనుమానం రావాలి. వంద కోట్లు, రెండువందల యాభై కోట్లు అని సంతలో బేరమాడినట్టు చెబుతున్నారు, ఎవరు చూడొచ్చారు అని. చూసినవాళ్ళు లేరు, గడియారం ఉంది. ఈ రాళ్ళలో జిర్కాన్ అనే గట్టి స్ఫటికాలు ఇసుక రేణువుల కంటే చిన్నవిగా ఉంటాయి. జిర్కాన్ గట్టిపడేటప్పుడు కొంచెం యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపు గడప తొక్కనివ్వదు. కాబట్టి తర్వాత దాని లోపల సీసం దొరికితే, అది యురేనియం క్షీణించి పుట్టిన బిడ్డే తప్ప బయటిది కాదు. యురేనియంలో రెండు రకాలున్నాయి. ఒకటి సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, రెండోది సుమారు 70 కోట్ల ఏళ్ళలోనే సగమవుతుంది. ఒకే స్ఫటికంలో వేర్వేరు వేగంతో నడిచే రెండు గడియారాలున్నాయన్నమాట. రెండూ ఒకే వయసు చెబితే నమ్ముతారు. చెప్పకపోతే ఆ స్ఫటికానికి మధ్యలో ఏదో దెబ్బ తగిలిందని గ్రహిస్తారు. ఇంకో సొగసు కూడా ఉంది. రాయి మళ్ళీ వేడెక్కినప్పుడు జిర్కాన్ చుట్టూ కొత్త అంచు పెరుగుతుంది, చెట్టుకు కొత్త వలయం వేసినట్టు. మధ్యభాగం పాత సంగతి చెబుతుంది, అంచు ఉడుకు కాలాన్ని చెబుతుంది. విశాఖ వైపు తూర్పు కనుమల్లో ప్రధానమైన ఉడుకు 95 నుంచి 100 కోట్ల ఏళ్ళ నడుమ జరిగిందని తేలింది ఇలాంటి లెక్కలతోనే. దీన్ని ఊహ అనడం రిజిస్ట్రీ కాగితాన్ని పుకారు అనడం లాంటిది.

ఆ లెక్కకు బయటి సాక్ష్యం కూడా ఉంది, అదీ ఎక్కడో దూరాన, అంటార్కిటికాలో. 1954లో ఆస్ట్రేలియా నెలకొల్పిన మాసన్ పరిశోధన కేంద్రం నిలబడింది చార్నొకైట్ బండ మీద. దాని వయసు దాదాపు 98 కోట్ల ఏళ్ళు. తూర్పు కనుమల రాళ్ళూ ఆ మంచుతీరపు రాళ్ళూ ఒకే పర్వతశ్రేణికి రెండు ముక్కలు. గోండ్వానా అనే మహాఖండం పగిలి, సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయింది. రొట్టెను రెండుగా తుంచితే రెండు ముక్కల అంచులూ ఎలా సరిపోతాయో ఇవీ అలాగే. 2012లో మన దేశం భారతి కేంద్రాన్ని ప్రారంభించింది కూడా తూర్పు అంటార్కిటికా తీరంలోనే. అంటే విశాఖ తీరరేఖ స్థూలంగా ఒక తెగిన అంచు. తెగిన చోటికి నీళ్ళు తర్వాత వచ్చి చేరాయి.

అయితే అలలు చేసిందేమీ లేదా అంటే, ఉంది. కానీ అది చెక్కడం కంటే చదవడానికి దగ్గర. తూర్పు కనుమల వరసలు తీరానికి సమాంతరంగా కాక ఏటవాలుగా వస్తాయి కాబట్టి, గట్టి వరస వచ్చిన చోట కొండ ముక్కులా సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. మెత్తటి నేల ఉన్న చోట నీళ్ళు లోపలికొచ్చి బీచ్ ఏర్పడుతుంది. దక్షిణాన యారాడ, డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన కైలాసగిరి వరస. నడుమ పల్లంలో నగరం, రేవు. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు అక్కడే ఎందుకుందని అడిగితే జవాబు డాల్ఫిన్స్ నోస్ కొండే. గాలివాన నుంచి ఓడలకు అది కాపు కాస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే అలల పని సూక్ష్మంగా ఉంటుంది. పోటు వచ్చిన మేరకు రాతికి గాడి పడుతుంది. ఉప్పునీరు రాతి సందుల్లో ఆరి, గింజలు ఉబ్బి, బండ మీద తేనెపట్టులా గుంటలు వేస్తుంది. గులకరాళ్ళు సుడితిరిగి రోళ్ళ లాంటి గుంతలు తొలుస్తాయి. తొట్లకొండకు ఎదురుగా మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం ఆ పని పరాకాష్ఠ: మెత్తటి భాగం పోయింది, గట్టి భాగం వంతెనలా మిగిలింది. తిరుమల శిలాతోరణాన్ని చూసినవాళ్ళకు ఇది చిన్నదిగా అనిపించవచ్చు. తిరుమలలోది కాలం వదిలేసిన వస్తువు, మంగమారిపేటది ఇంకా పని జరుగుతున్న స్థలం. తొట్లకొండ పేరులోనూ రాయే ఉంది. రెండువేల ఏళ్ళ కిందట అక్కడున్న బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం ఖోండలైట్ బండనే తొట్లుగా తొలిచారు. రాయి గుణం వాళ్ళకు తెలుసు: వాతావరణం తగిలితే మెత్తబడే జాతి అది. పదమూడో శతాబ్దపు కోణార్క ఆలయం అదే జాతి రాయితో కట్టినది. సముద్రపు గాలికి అక్కడి శిల్పాల ముఖాలు కరిగిపోయిన తీరు చూస్తే ఆ మెత్తదనానికి మరో పార్శ్వం కనబడుతుంది.

ఈ మెత్తదనమే ఎర్రమట్టి దిబ్బలకు తల్లి. విశాఖకూ భీమిలికీ మధ్య, తీరం వెంట కొన్ని కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఆ ఎర్రటి లోయలూ గట్లూ తెలుగు సినిమా పాటల్లో ఎన్నిసార్లు కనిపించాయో లెక్కలేదు. పేరులో మట్టి అన్నా అది ప్రధానంగా ఇసుక. కొండల మీది ఖోండలైట్ వానకు చివికి, గార్నెట్, నల్లటి ఇల్మెనైట్, సిల్లిమనైట్ గింజలతో కలిసి గెడ్డల (కొండవాగుల) వెంట కిందికి దిగింది. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు తక్కువ. తీరరేఖ కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి, సముద్రపు అడుగు ఎండలో పడింది. ఆ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి పొరలు పొరలుగా పోసింది. తర్వాత ఇనుమున్న గింజలు తుప్పుపట్టి, ఆ తుప్పు ప్రతి ఇసుక రేణువుకూ పలచటి పూతలా అంటింది. ఆ పూత ఒక్కటి తీసేస్తే లోపలున్నది మామూలు తెల్ల ఇసుకే. పైన పడ్డ వాన ఆ గట్టిపడీ పడని దిబ్బల్ని కోసి లోయలు చేసింది. తమిళనాడు దక్షిణ తీరంలో ‘తేరి’ అనే ఎర్ర ఇసుక మేటలు, శ్రీలంక వాయవ్య తీరంలో ఎర్రనేలలు ఇదే బాపతువి. అలలు వచ్చి పోయే చోట ఈరోజు కూడా ఆ పని చూడొచ్చు. భీమిలి ఒడ్డున అల వెనక్కి తగ్గగానే ఇసుక మీద ఎరుపు, నలుపు చారలు మిగులుతాయి. తేలిక గింజల్ని నీళ్ళు పట్టుకుపోతాయి. బరువైన గార్నెట్, ఇల్మెనైట్ వెనకబడతాయి. చేటలో బియ్యం చెరిగినప్పుడు రాళ్ళు మిగిలినట్టే.

ఇప్పుడు రక్షణ సంగతికి వద్దాం. ఎర్రమట్టి దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దక్కింది. సంతోషమే. అయితే జాబితాలు దిబ్బ చుట్టూ గీత గీస్తాయి. దిబ్బకు ఇసుక ఇచ్చిన కొండ ఆ గీతకు బయట, ఇసుక మోసిన గెడ్డ బయట, ఆ గెడ్డ సముద్రంలో కలిసే చోటి బండలు బయట. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఇసుక దిబ్బలు, మడ అడవులు, పగడపు దిబ్బలు అంటూ సున్నిత ప్రాంతాల్ని పేరుపెట్టి చెబుతాయి గానీ శిలాతీరాన్ని ఆ వరసలో ప్రత్యేకంగా లెక్కించవు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ముఖ్యంగా మనుషుల చేతిపనిని ఉద్దేశించినది. భూవారసత్వ స్థలాల కోసం కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది, అంటే అప్పటిదాకా ప్రత్యేక చట్టం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఈలోగా విశాఖలోని ఋషికొండ తవ్వకం కోర్టుల దాకా వెళ్ళింది. 2024లో దిబ్బల పక్కనే యంత్రాలు దిగడం వార్తలకెక్కింది. బిడ్డకు కాపలా పెట్టి తల్లిని వీధిన వదిలేశాం.

దీనికి వచ్చే జవాబులు కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది: ఖోండలైట్ తూర్పు కనుమల పొడవునా వందల కిలోమీటర్లు ఉంది, పది ఎకరాల బండ పోతే ఏమైంది? నిజమే, రాయికి కొరత లేదు. కనబడే రాయికే కొరత. అరకు, చింతపల్లి కొండల మీద అదే రాయి అడవి కింద, అది చివికి ఏర్పడిన బాక్సైట్ కింద, మనిషెత్తు మట్టి కింద ఉంటుంది. తీరంలో మాత్రమే అలలు రోజూ కడిగి తాజా కోతను చూపిస్తాయి. మడతలు ఎటు తిరిగాయో, ఏ రాయి దేనిలోకి చొరబడిందో విద్యార్థికి వేలుపెట్టి చూపగలిగేది అక్కడే. రెండోది: సముద్రం ఎలాగూ తింటుంది కదా, మనం తింటే తప్పేమిటి? అల ఒక బండను విరిస్తే వెనక కొత్త బండ బయటపడుతుంది, విరిగినది ఇసుకై పక్క ఊరి ఒడ్డుకు చేరుతుంది. ఖాతా మూతపడదు. గోడ కట్టి కాంక్రీటు పోస్తే బండా కనబడదు, ఇసుకా పుట్టదు. ఇసుక ఎక్కడి నుంచి వస్తుందో మరిచిన తీరాలు ఏమవుతాయో విశాఖకే తెలుసు. మన తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడల దగ్గర అది ఆగిపోతుంది. అందుకే రేవు లోతు తవ్వినప్పుడు తీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది, ఖర్చు పెట్టి మరీ. బేగం బజారు పక్కన పారే మూసీ కూడా ఈ లెక్కలో ఉంది. హైదరాబాద్ గ్రానైట్ ఇసుకను అది వాడపల్లి దగ్గర కృష్ణకు అప్పజెబుతుంది, ఆ కింద పులిచింతల, ప్రకాశం బ్యారేజీలు దాన్ని పట్టి ఉంచుతాయి. తీరానికి వెళ్ళే ముడిసరుకు కొండల దగ్గర, నదుల దగ్గర ఆగిపోతే సముద్రం ఒడ్డునే తింటుంది.

మూడో అభ్యంతరం బలమైనది. నగరం పెరగాలి, జనానికి ఇళ్ళు కావాలి, ఉద్యోగాలు కావాలి. కొండ నుంచి సముద్రం దాకా అంతా ముట్టుకోవద్దంటే ఎలా? అంతా అనడం లేదు. రేవు కట్టకూడదని ఎవరూ అనరు. డాల్ఫిన్స్ నోస్ పక్కన రేవు కట్టాలని గ్రహించినవాళ్ళు రాతిని చదివినవాళ్ళే. కానీ ఒక్కో వస్తువును ఎంచి కాపాడే పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో చూడాలంటే హైదరాబాద్ అనుభవం ఉంది. అక్కడ కొన్ని శిలారూపాల్ని వారసత్వ జాబితాలో చేర్చారు. 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాటికోసం పోరాడుతోంది. సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి నిలబడే ఉంది. దాని తోబుట్టువులైన గుట్టలు ఎన్ని క్రషర్ల పాలై రోడ్ల కంకరగా, అపార్ట్‌మెంట్ల పిల్లర్లుగా మారాయో నగరమే సాక్ష్యం. మిగిలిన రాయి చుట్టూ గోడలొచ్చాక దాన్ని చూస్తే రాయి కనిపిస్తుంది గానీ అది ఎలా వచ్చిందో చెప్పే చుట్టుపక్కల లేదు. గ్రానైట్ గుట్టకు ఆ నష్టం జ్ఞానానికి సంబంధించినది. గుండు మాత్రం కదలదు. ఇసుక దిబ్బకు అలా కాదు. ఎగువ గెడ్డను మళ్ళించినా పూడ్చినా వాననీరు కొత్త దారి వెతుక్కుని దిబ్బనే కోస్తుంది. గీత లోపల ఎవరూ పార వేయకపోయినా దిబ్బ పోతుంది.

కాబట్టి గీయాల్సిన గీత వేరు. తొట్లకొండ శిఖరం దగ్గర మొదలై, గెడ్డల వెంట దిగి, దిబ్బల్ని కలుపుకుని, మంగమారిపేట బండల మీదుగా ఆటు నీటి గీత దాకా పోయే ఒకే పట్టీ. అందులో ఇళ్ళున్న చోట ఇళ్ళుంటాయి, జాలర్ల పడవలు ఇసుక మీదే ఉంటాయి. గెడ్డ పారకంలో, శిలల మీద, దిబ్బల మీద మాత్రం తవ్వకం, పూడిక ఉండవు. విశాఖలో ఆటుపోట్ల తేడా ఎక్కువలో ఎక్కువ సుమారు మీటరున్నరే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు మిగతా రోజుల కంటే ఎక్కువ తగ్గుతాయి, అప్పుడు తోరణం కింద మామూలుగా మునిగి ఉండే బండలు ఒకటి రెండు గంటలు బయటపడతాయి. ఆ తోరణం కూడా ఏదో ఒక రోజు కూలుతుంది, తుఫానుకో, ఉప్పు తిన్న పగులుకో. కూలాక సముద్రం వైపు ఒక స్తంభం, ఒడ్డు వైపు ఒక స్తంభం విడివిడిగా మిగులుతాయి. వెనకున్న బండకు పోటు నీళ్ళు కొత్త గాడి పెడుతూ ఉంటాయి.